మెటల్ కాడికి పోయిన రత్నమాల

బీడీలు చుట్టే ఆడవాళ్ళకు చేతుల పని చేతులదే, నోటి పని నోటిదే అంటారు మా కోరుట్లలో. ఆ లెక్కన రత్నమాల బీడీల మనిషే కాదు. చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుందంటే తునికాకు కోసే కత్తెర చప్పుడు తప్ప ఆమె దగ్గర ఇంకో చప్పుడు ఉండదు. ఆమె వంతు కూడా నేనే మాట్లాడతాను. నా పేరు రాజలక్ష్మి. బట్టలు కుడతాను. పుట్టింది సిరిసిల్లలో, మరమగ్గాల నడుమ. ఆ మోతలో మనిషి మాట మనిషికి వినపడాలంటే అరవాల్సిందే కాబట్టి మెల్లగా మాట్లాడడం నాకు ఈ జన్మకు రాలేదు. మగ్గాలు ఆగిపోయాక మా ఆయన బొంబాయి దిక్కు భివండి పోయాడు, నేను కుట్టుమిషను పట్టుకుని కోరుట్ల వచ్చాను. నా ఇంటికీ రత్నమాల ఇంటికీ నడుమ గోడ ఒకటే.

రత్నమాల పుట్టిల్లు మల్యాల దిక్కు పల్లె. తండ్రి ఆ రోడ్ల మీద మెటల్ కొట్టి బతికిన మనిషి. మెటల్ అంటే మా దగ్గర కంకర. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, ముందు ముందు మా కొంప ముంచింది ఇదే.

ఆమె మొగుడు ముత్యం. కల్లు గీసే గౌండ్లవాళ్ళ పిల్లవాడు, ఇంటిపేరు బుర్ర. నడుముకు మోకు బిగించి తాటిచెట్టెక్కితే ఉడత కూడా పక్కకు జరిగేది. పెళ్ళానికి ఎంత మాట పొదుపో మొగుడికి అంత దుబారా. చెట్టు మీద నుంచి కూడా మాట్లాడేవాడు. దారిన పోయే వాళ్ళ యోగక్షేమాలన్నీ తాటి మట్టల్లోంచి అడిగేవాడు. "ఓ రాజక్కా, ఏం కూరనే?" అని పైనుంచి వినిపిస్తే నేను తలెత్తి తిట్టేదాన్ని. అతను మాట్లాడుతుంటే రత్నమాల కింద నిలబడి, కల్లు లొట్టి అందుకోవడానికి చేతులు చాచి, నవ్వుతూ ఉండేది. నేను చూసిన కాపురాల్లో అంత తేలికైన కాపురం ఇంకోటి లేదు.

ఆ తాటివనాన్ని ఎవరో కొన్నారు. ప్లాట్లు చేస్తామన్నారు. మిషను రంపం పెట్టి వారం తిరక్కుండా నేలమట్టం చేశారు. గౌండ్లవాడికి చెట్టు లేకపోతే ఏముంది? పెళ్ళయిన రెండో ఏడే ముత్యం దుబాయి పోయాడు. ఊళ్ళో సగం మంది మగవాళ్ళు అప్పటికే అక్కడున్నారు, మిగిలిన సగం దారిలో ఉన్నారు.

ఇంట్లో రత్నమాల, అత్త లసుమవ్వ మిగిలారు. లసుమవ్వ ముసలిదైనా గట్టి మనిషి. కోడలిని ఒక మాట అనదు, ఒక మాట అననివ్వదు. కానీ ఇద్దరు మాట్లాడని ఆడవాళ్ళుండే ఇల్లు ఎట్లా ఉంటుందో పక్కింటి దాన్ని, నాకు తెలుసు. గోడ ఇవతల మిషను ఆపి వింటే గిన్నె పెట్టిన చప్పుడు, చెంబు ముంచిన చప్పుడు, అంతే. నా ఇల్లేమన్నా సంత కాదు, నేనూ ఒక్కదాన్నే. కాకపోతే నేను ఆ ఒంటరితనాన్ని తిట్టుకుంటూ బతుకుతాను, ఆమె దానికి పీట వేసి కూర్చోబెట్టింది.

శుక్రవారం ముత్యానికి సెలవు. ఆ రోజు ఫోను చేసేవాడు. రత్నమాల పొద్దున్నే తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, ఆ చిన్న ఫోను ముందు కూర్చునేది. అప్పటికి మొహాలు కనపడే ఫోన్లు మా వాడకు రాలేదు.

"ఏమే, ఫోన్ల నీ బొట్టు గానొస్తదా?" అని ఎగతాళి చేసేదాన్ని.

"నాకు తెలుస్తది గదక్కా" అనేది.

మొదట్లో అతన్ని కట్టడాల దగ్గర ఇనుప పైపుల పరంజా కట్టే పనిలో పెట్టారు. జంకు లేకుండా ఎక్కుతున్నాడని చూసి ఇంకో కంపెనీ వాళ్ళు తీసుకున్నారు. పాటల కచేరీలకు ఇనుప గోపురాలు నిలబెట్టి, వాటి మీద దీపాలు, స్పీకర్లు వేలాడదీసే పని. ఇదంతా ఇప్పుడు తెలిసి చెబుతున్నాను. అప్పుడు మాకు అర్థమైంది వేరు. ఒక శుక్రవారం అతను ఫోనులో అన్నది ఇది:

"రత్నా, తెల్లోళ్ళ హెవీ మెటల్ బ్యాండు వచ్చింది. ఆళ్ళు దేశాలన్ని తిరుగుతరట. మా కంపెనోళ్ళు మమ్ములను గూడ ఆళ్ళెంబడి తోలుతున్నరు. రేపు మస్కట్ పోతున్న."

ఫోను పెట్టేశాక ముగ్గురం కూర్చుని ఆలోచించాం. లసుమవ్వ అంది:

"బ్యాండంటే పెండ్లి బ్యాండే గదనే. తెల్లోళ్ళ పెండ్లిండ్లు గన్ని దేశాలల్ల అయితయా?"

"మెటల్ గూడ ఉందట అత్తా" అంది రత్నమాల. "హెవీ మెటల్ అంటున్నడు. మా నాయన గొట్టినదే గావచ్చు. పెద్ద పెద్ద రాళ్ళు."

చివరికి తేల్చింది ఏమంటే, తెల్లవాళ్ళు దేశదేశాలా రోడ్లు వేస్తున్నారు, పనివాళ్ళకు అలుపు రాకుండా వెంట బ్యాండు మేళం పెట్టుకున్నారు. నేను పదో తరగతి పాసైన దాన్ని, నాకూ సబబుగానే తోచింది. నా కొడుకు గాడ కంకర మోస్తుండా అని లసుమవ్వ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. రత్నమాలైతే తండ్రి అరచేతులు తలచుకుంది కాబోలు, తరువాతి శుక్రవారం మొట్టమొదట అడిగిన మాట "చేతులు పలుగుతున్నయా?" అని.

"పలిగినయి. ఇనుముతోటి పని గద" అన్నాడతను. ఆ జవాబు మా లెక్కకు సరిగ్గా కుదిరింది.

అట్లా ఆ బ్యాండు వెంట ముత్యం ఊళ్ళు తిరిగాడు. మస్కట్ అనేవాడు, బహ్రెయిన్ అనేవాడు. ఎవరి ఫోనో అడుక్కుని చేసేవాడు, మేము తిరిగి చేద్దామంటే నంబరు ఉండేది కాదు. ఏ ఊరు ఎట్లా ఉందంటే మాత్రం చెప్పలేకపోయేవాడు. విమానం, బస్సు, మైదానం, మళ్ళీ బస్సు, విమానం. "అన్ని ఊర్ల ఆకాశం ఒక్క తీరే ఉన్నది రత్నా, నేను సూసేది గదొక్కటే" అన్నాడొకసారి. అంత మాటకారి అట్లా అనేసరికి నాకు దిగులేసింది.

ఒకసారి శుక్రవారం కాదు, మంగళవారం ఫోను వచ్చింది.  గల్ఫు నుంచి వారం తప్పి వచ్చే ఫోన్లు మంచివి కావు. రత్నమాల ఫోను ఎత్తి, నాకూ వినపడేట్టు పెట్టింది.

"రత్నా, మేము హైదరాబాదు వస్తున్నం. గీ ఆదివారమే. బ్యాండు ప్రోగ్రాం ఆడ ఉన్నది."

ఆమె ఫోను నా వైపు జరిపింది. నేనే అందుకున్నాను. "ఇంటికొస్తవా మరి?"

"యాడిదక్కా! పాస్‌పోర్టులు మా సూపర్‌వైజర్ దగ్గరుంటయి. మైదానం, హోటలు, ఎయిర్‌పోర్టు, గంతే. కంపెనీ బస్సు దిగి అడుగు పక్కకేస్తే నౌకరీ పోతది. కానీ ఆదివారం మాపటి చాయ్ టైముల జరసేపు ఇడుస్తరు. ఎనక గేటు కాడికి నేనొస్త. దాన్ని తోలుకరా అక్కా. ఒక్క పారి సూత్త."

"ఏడ మరి మైదానం?"

"రింగురోడ్డు దిక్కట. నాకు పేర్లు తెల్వయి. హెవీ మెటల్ ప్రోగ్రాం అంటే ఎవలైనా జెప్తరు."

మూడేళ్ళు దాటింది వాళ్ళు ఒకరినొకరు చూసుకుని. దేశాలు తిరిగే మొగుడు మా బస్సు అందుకునేంత దూరానికి వచ్చి, అరగంట నిలబడి, మళ్ళీ పోతాడట. ఆ అరగంట కోసం రత్నమాల చేసిన హడావుడి ఇంతా అంతా కాదు. సర్వపిండి అద్ది, మాడకుండా కాల్చి, స్టీలు డబ్బాలో పెట్టింది. నాతో కొత్త జాకెట్టు కుట్టించుకుంది. ఎదురుగా నిలబడితే ఏం మాట్లాడాలో నన్నడిగింది. "నీ మొగుడు నీకు సందిస్తేగా!" అన్నాను.

ఆదివారం మొదటి బస్సుకే కోరుట్లలో ఎక్కాం. జగిత్యాల బస్టాండులో దిగి హైదరాబాదు బస్సు పట్టుకున్నాం. దారి పొడుగునా డబ్బా ఒళ్ళోంచి దించలేదు. మధ్యాహ్నానికి హైదరాబాదులో దిగి, ఆటోవాణ్ణి పిలిచాను.

"రింగురోడ్డు దిక్కు హెవీ మెటల్ కాడికి పోవాలె."

"మెటలా?" అన్నాడు అతను. మహబూబ్‌నగర్ దిక్కు మనిషి, పెద్దవాడు. "హెవీ అంటే నలభై ఎమ్మెమ్మా? క్రషర్లు అవతల గుట్ట దిక్కున్నయి. శాన దూరం."

"గదే, గదే" అంది రత్నమాల. నలభై ఎమ్మెమ్మంటే పెద్ద కంకర కొలత, ఆ మాట ఆమె చిన్నప్పటి నుంచి విన్నది. ఎవరైనా చెబుతారని మొగుడన్నాడు, మొదటి మనిషే చెప్పాడు. ఇంకేం కావాలి! ఆటో ఎక్కి కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుని, కొత్త పెళ్ళికూతురిలా సర్దుకుంది.

ఊరు దాటించి, గుట్టలు చూపించి, దుమ్ము మింగించి అతను మమ్మల్ని ఒక కంకర మిషను ముందు దించాడు. రాళ్ళ కుప్పలు, లారీలు. ఆదివారమని మిషను ఆగి ఉంది. రత్నమాల ఆ కుప్పల నడుమ తిరిగి వెనక గేటు వెతికింది. గేటు ఉండనే ఉంది! దాని దగ్గర నిలబడింది. నేను ఇంకో పక్క బ్యాండు కోసం చెవి పెట్టాను. కాకి కూడా అరవడం లేదు. చాయ్ వేళ దగ్గర పడుతోంది. ఆమె ఎండలోనే నిలబడి కొంగు సర్దుకుంటూ, గేటు వైపు చూస్తూ, నన్ను చూసి సిగ్గుపడుతూ ఉంది. 

లారీ కింద పడుకున్న డ్రైవరు లేచి వచ్చి సంగతి విన్నాడు. మొదట నవ్వాడు, మా మొహాలు చూసి నవ్వు ఆపేశాడు.

"అమ్మా, హెవీ మెటల్ అంటే ఇంగ్లీషు పాటలు. ఈ మెటల్ గాదు. మీరొచ్చిన రోడ్డు మీదనే బోర్డులు పెట్టిండ్రు, సూడలేదా? వెనుకకు పోవాలె మీరు."

పాటకు కంకర పేరు పెట్టుకున్న ఆ పెద్దమనుషులను నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తిరుగు కిరాయికని ఆటోవాడు ఇంకా అక్కడే ఉన్నాడు. రత్నమాల ఆటో ఎక్కి డబ్బాను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. దారంతా పెదవులు కదులుతూనే ఉన్నాయి. కొండగట్టు అంజన్నకు ఏం మొక్కుకుందో నేనడగలేదు.

మైదానం చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. చాయ్ టైము ఎప్పుడో పోయింది. ఎటు చూసినా నల్ల బనీన్లు వేసుకున్న పిల్లలు, బనీన్ల మీద పుర్రెలు, పుర్రెల పైన ముళ్ళకంప అల్లినట్టు ఏవో అక్షరాలు. వెనక గేటు వెతికి పట్టుకున్నాం. కాపలావాడు అడ్డం నిలబడ్డాడు.

"నీ పెనిమిటి పేరేంది?" అని రత్నమాలను అడిగాడు.

ఆమె నా మొహం చూసింది. మా ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో చెప్పరు. "ముత్యం" అన్నాను నేను. అతను చేతిలో ఉన్న వైర్‌లెస్సులో అడిగాడు. లోపలి నుంచి ఏదో గరగరమంది.

"ముత్యం అనేటోడు ఎవడు లేడంట."

ఎందుకు లేడో తరువాత, ఆ కంపెనీలోనే పనిచేసే మల్యాల మనిషి సెలవు మీద వస్తే తెలిసింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంటుంది, బుర్ర ముత్యం అని. తెల్లవాళ్ళకు ముందున్నదే పేరు. అక్కడ అందరికీ అతను 'బుర్రా'. ముత్యం అన్న మనిషి ఆ మైదానంలోనే లేడు. ఆ గేటు దగ్గర ఈ సంగతి మాకెవరు చెబుతారు? నేను కాపలావాడితో తగువు పెట్టుకున్నాను. నా గొంతు సిరిసిల్లలో తయారైనది, అయినా పని చెయ్యలేదు. చివరికి రత్నమాల డబ్బా అతని చేతిలో పెట్టి, "ఆయన గానొస్తే జర ఇయ్యి అన్నా" అంది. మేము పది అడుగులు వేశామో లేదో, వెనక్కి చూస్తే కాపలావాళ్ళు మూత తీసి తలా ఒక ముక్క తుంచుకుంటున్నారు. నేను కొంగు బిగించాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"తిననియ్యి అక్కా. పొద్దట్నుంచి నిలవడి ఉన్నట్టున్నరు."

అప్పుడే లోపల మొదలైంది. మొదటి దెబ్బకే నా గుండెకాయ నోట్లోకి వచ్చింది. మా సిరిసిల్ల మగ్గాలన్నీ ఒక్కసారి ఆడించినా అంత మోత రాదు. పాడేవాడు పాడుతున్నాడో, ఎవరైనా పొడిస్తే అరుస్తున్నాడో తెలియలేదు. కంచె రేకుల సందుల్లోంచి చూస్తే పిల్లలంతా జుట్లు విరబోసుకుని తలలు ఊపుతున్నారు, బోనాల నాడు పూనకం వచ్చిన శివసత్తుల్లా. రత్నమాల చేతులు జోడించింది.

"అక్కా, గీళ్ళందరికి దేవుడొచ్చిండే" అంది నా చెవిలో.

ఆ తరువాత ఒక్కసారిగా నా భుజం నొక్కింది. వేదిక పక్కన తాటిచెట్టుకు రెండింతలుండే ఇనుప గోపురం ఉంది. దాని మొదట్లో ఒక మనిషి నిలబడ్డాడు. నడుముకు పట్టీ, తలకు టోపీ, అందరిలాంటి వాడే. కానీ ఎక్కబోయే ముందు ఆ ఇనుప స్తంభాన్ని అరచేత్తో తాకి, ఆ చెయ్యి కళ్ళకు అద్దుకున్నాడు. గౌండ్లవాళ్ళు తమ దేవుడు కాటమయ్యను తలచుకుని చెట్టుకు అట్లా మొక్కుతారు. ఇనుముకు మొక్కే మనిషి ఆ మైదానం మొత్తంలో ఇంకెవరుంటారు?

"అక్కా, మా ఆయన" అంది.

అతను ఎక్కుతున్నాడు. ఆమె రేకుల సందులో మొహం పెట్టి "ఇగో... ఇగో" అంది. ఇంట్లో మొగుణ్ణి పిలిచే తీరు అదే. ఆ మోతలో నాకే వినపడలేదు. నేను అరిచాను, నాకున్న గొంతంతా పెట్టి అరిచాను. అప్పుడు రత్నమాల రెండు చేతులూ పైకెత్తి, ఉన్నంత ఊపిరీ పట్టి "ముత్యం!" అని అరిచింది. పెళ్ళయ్యాక ఆ పేరు ఆమె నోటి నుంచి రావడం అదే మొదటిసారి. మళ్ళీ అరిచింది. మళ్ళీ. వేల మంది పిల్లలు అరుస్తూనే ఉన్నారు, అందులో అదీ కలిసిపోయింది.

అతను పైకి చేరి, దీపాల దగ్గర ఏదో తడిమి, తరువాత చాలాసేపు ఊరికే నిలబడ్డాడు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని జనం వంక చూశాడు. మేమున్న దిక్కు కూడా చూశాడు. మేము చీకట్లో, జనరేటరు లారీ వెనక ఉన్నాం. దిగిపోయాడు. పోలీసులు వచ్చి కంచె దగ్గరున్న వాళ్ళందరినీ తరిమారు. ఆట అయిపోయాక మా గేటు నుంచి ఎవరూ రాలేదు. పనివాళ్ళ బస్సులు ఇంకో దిక్కు నుంచి పోయాయని చెప్పారు.

తిరుగు బస్సులో సిద్ధిపేట దాటేదాకా రత్నమాల కిటికీలోంచే చూసింది. నేనైతే, అబద్ధమెందుకు, ఏడుస్తూనే కూర్చున్నాను. అప్పుడు రత్నమాల అంది:

"బక్కగయిండు గని, ఎక్కుడు మాత్రం మరువలే."

రెండు వారాలు ఫోను లేదు. మూడో శుక్రవారం వచ్చింది, శ్రీలంక నుంచో ఇంకెక్కడి నుంచో. ముగ్గురం అరుగు మీదే ఉన్నాం. ఫోను అందరికీ వినపడేట్టు పెట్టింది. అతని గొంతులో పాత దుబారా లేదు.

"రాకపోతివేమే?" అన్నాడు. "చాయ్ టైముల గేటు కాడనే ఉన్న. నాస్తా గూడ తినలే. ఎనుకముందయిందేమో అని, ప్రోగ్రాం షురువైనంక లైటు సరిజేస్త అని అబద్ధం జెప్పి టవరెక్కిన. ఏడనన్న గానొస్తవేమో అని. అందరు నల్లబట్టలోళ్ళే. సీర గట్టిన మనిషి ఒక్కతి గూడ గానరాలే."

నేను ఫోను వైపు వంగాను. నోరు తెరిచాను కూడా. రత్నమాల చెయ్యి వచ్చి నా నోటి మీద పడింది.

"రాలే" అంది ఫోనులో, చాలా మామూలుగా. "అత్తకు జరమొచ్చింది. దగ్గు. ఇడిసిపెట్టి ఎట్ల రావాలె? ఇంట్లనే ఉన్న."

ఎదురుగా రాయిలా కూర్చుని వక్కాకు నములుతున్న లసుమవ్వ నోరు తెరుచుకుని కోడలి వంక చూసింది.

"అమ్మకు జరమా?" అవతల అతను కంగారు పడ్డాడు. "ఇప్పుడెట్లుంది? అమ్మా! ఓ అమ్మా!"

ముసలామె కోడలి కళ్ళలోకి ఒక్క క్షణం చూసింది. వక్కాకు ఉమ్మేసి, ఫోను దగ్గరికి జరిగి, దగ్గింది. గట్టిగా, నిజమైన రోగిష్టిలా దగ్గింది.

"తక్కువైందిలే. నువ్వు పైలం" అంది రత్నమాల. అతను సరే అన్నాడు. మందులు వేయించమన్నాడు. పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏం మనిషివే నువ్వు! పోయినవ్, సూసినవ్, గొంతు పోయేటట్టు ఒర్లినవ్. గదంత ఎందుకు దాస్తివి?"

"ఇద్దరం ఆడనే ఉండి గలవలే అని తెలిస్తే, ఒక్కడే ఏడుస్తడక్కా" అంది. "నాకైతే నువ్వున్నవు. అత్త ఉన్నది. ఆయనకు ఎవలున్నరు?"

 ఫోను పెట్టేసి చాలాసేపయింది. లసుమవ్వ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని ఇంకా దగ్గుతూనే ఉంది.